జాబితాలో మొదటి పేరు

ఫుట్‌బాల్ కోచ్ సిరాజుద్దీన్ ప్రొద్దుటూరు గోల్డెన్ ఎలెవన్‌ను వదిలేసి జమ్మలమడుగు జట్టుకు వెళ్లిపోయాడన్న కబురు కండక్టర్ సూర్యనారాయణకు బస్సులోనే తెలిసింది. చెప్పింది గురమ్మ. ఆమె రోజూ జమ్మలమడుగుకు పూలగంప తీసుకుపోయే మనిషి. ఆ ఆటలో బంతిని చేత్తో విసురుతారో కాలితో తంతారో కూడా ఆమెకు తెలియదు. అలాంటి మనిషికి ముందు తెలిసి, జట్టు అభిమాన సంఘం కార్యదర్శి అయిన తనకు తర్వాత తెలియడంతోనే సూర్యనారాయణకు సగం ప్రాణం పోయింది. "నీకు గూడా చెప్పలేదా సామీ?" అని ఆమె జాలిపడేసరికి మిగతా సగమూ పోయింది.

సిరాజుద్దీన్ పదహారేళ్లు కువైట్‌లో ఏసీ మెకానిక్కుగా పనిచేశాడు. అక్కడి క్యాంపులో మలయాళీ కుర్రాళ్లతో ఫుట్‌బాల్ ఆడి, చివరికి ఒక పాడైన మోకాలు, ఒక విజిలు పట్టుకుని ఊరికి వచ్చాడు. క్రికెట్ తప్ప మరో ఆటను ఆటగా లెక్కచేయని ప్రొద్దుటూరులో నాలుగేళ్లలో ఒక జట్టును నిలబెట్టాడు. సూర్యనారాయణ గుడి అర్చకుల ఇంట పుట్టినవాడు కాబట్టి, ఖాకీ చొక్కా వేసుకున్నా ఊరంతా ఆయన్ని సామీ అనే పిలుస్తుంది. డ్యూటీ దిగి నేరుగా గ్రౌండుకు వచ్చి సిరాజుద్దీన్ పక్కన కూర్చోవడం ఆయనకు సంధ్యావందనం కన్నా నియమంగా జరిగేది. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఇక్బాల్ టీ బంకు బల్ల మీద గ్లాసులు పేర్చి సిరాజుద్దీనే నేర్పాడు. నేర్చుకున్న మరుసటి వారం నుంచి సూర్యనారాయణ ఆయనకే నేర్పడం మొదలుపెట్టాడు.

ఆయనొక్కడే కాదు, బంకు దగ్గర చేరేవాళ్లంతా అంతే. ప్రతి శనివారం టీ తాగుతూ మరుసటి రోజు ఆడాల్సిన పదకొండు మంది పేర్లు ఎంపిక చేసేవాళ్లు. కాయితం మీద రాసేది సూర్యనారాయణ, తీసుకెళ్లి కోచ్‌కు ఇచ్చేదీ సూర్యనారాయణే. సిరాజుద్దీన్ దాన్ని చదివి, మడిచి జేబులో పెట్టుకుని, అందులో ఉన్నవాళ్లనే ఆడించేవాడు. జాబితాలో మిగతా పది పేర్లూ వారం వారం మారేవి. గోల్‌కీపర్ పేరు మాత్రం మారేది కాదు. అది విష్ణుతేజ, డిగ్రీ రెండో ఏడు, సూర్యనారాయణ కొడుకు.

కోచ్ వెళ్లిపోయిన సాయంత్రం బంకు దగ్గర కోపాలు కట్టలు తెంచుకున్నాయి. మొదట ఆయన్ని వాట్సాప్ గ్రూపులోంచి తీసేయాలనుకున్నారు. తీరా చూస్తే గ్రూపు నడిపేది ఆయనే. చేసేది లేక వీళ్లంతా బయటికొచ్చి వేరే గ్రూపు పెట్టుకున్నారు. బయటికి రావడం చేతగాని ముగ్గురు పెద్దమనుషులు మాత్రం అందులోనే ఆయనకు తోడుగా మిగిలిపోయారు. తర్వాత దిష్టిబొమ్మ కాల్చాలన్నారు గాని, బొమ్మకు తొడగడానికి ప్యాంటు ఇచ్చే త్యాగమూర్తి ఒక్కడూ ముందుకు రాలేదు. బంకులో వేలాడే జట్టు ఫొటోలో కోచ్ మొహం మీద ఇక్బాల్ ఒక టీపొడి స్టిక్కర్ అంటించి తృప్తిపడ్డాడు. చివరికి సిరాజుద్దీన్‌తో ఎవరూ మాట్లాడకూడదని తీర్మానం చేశారు. ఆ తీర్మానం రాసిందీ సూర్యనారాయణే. రాసేటప్పుడు తన డ్యూటీ ఏ రూటులో ఉందో ఆయనకు గుర్తు రాలేదు.

సిరాజుద్దీన్ జట్టు మారాడు గాని ఇల్లు మారలేదు. రోజూ మధ్యాహ్నం మూడున్నరకు ప్రొద్దుటూరు బస్టాండులో సూర్యనారాయణ బస్సే ఎక్కి జమ్మలమడుగు వెళ్లేవాడు. మొదటి రోజు సూర్యనారాయణ టికెట్ మిషన్ పట్టుకుని ఆయన ముందు కొయ్యలా నిలబడిపోయాడు. ఎక్కడికని అడగాలి, అడిగితే తీర్మానం పోతుంది. బస్సంతా వినోదం చూస్తోంది. ఆ చిక్కు విప్పింది గురమ్మే.

"సామి యాడికని అడగతాండాడప్పా."

"దినామూ పొయ్యేకాడికేనని చెప్పమ్మా," అన్నాడు సిరాజుద్దీన్.

ఆ తర్వాత నెలరోజులు గురమ్మ మధ్యవర్తిత్వంలోనే టికెట్లు తెగాయి. ఆమె రాని రోజున సూర్యనారాయణ కిటికీ వైపు చూస్తూ టికెట్ చింపి ఇచ్చేవాడు. పైకి బింకంగానే ఉండేవాడు గాని, సాయంత్రాలు ఆయనకు మహా బోసిగా ఉండేవి. నాలుగేళ్ల స్నేహంలో తనకొక్కడికైనా చెవిలో చెప్పాలనిపించలేదా అన్న మాట అన్నంలో రాయిలా తగిలేది. ఆయన అడగదలచింది ఆ ఒక్కటే. అడగకూడదన్న తీర్మానం రాసిన చెయ్యి తనది.

ఇక్కడ జట్టు బాధ్యత అభిమాన సంఘమే తీసుకుంది. ఇన్నాళ్లూ నిజానికి నడిపింది మనమే గదా అని అందరూ ధైర్యం చెప్పుకున్నారు. ప్రాక్టీసులో ఐదుగురు ఐదు విజిళ్లు ఊదేవాళ్లు. కుర్రాళ్లు ఏ విజిలుకు ఆగాలో తెలియక అన్నిటికీ ఆగేవాళ్లు. మూడు ఊళ్ల కప్పులో మొదటి ఆట పులివెందుల మీద ఆడితే ఐదు సున్నాతో చిత్తుగా ఓడిపోయారు. గాలి ఎదురైందని సూర్యనారాయణ తేల్చాడు. సగం ఆట తర్వాత జట్లు వైపులు మారతాయని ఎవరో గుర్తు చేస్తే, గాలీ మారిందన్నాడు.

రెండో ఆట జమ్మలమడుగు మీద. ఆదివారం సాయంత్రం నాలుగింటికి పులివెందుల గ్రౌండులో. ఓడినవాళ్లు ఇంటికే. ఆ రోజు సూర్యనారాయణ వేరే కండక్టర్‌ను బతిమాలి డ్యూటీ మార్చుకుని పులివెందుల బస్సు ఎక్కాడు. జట్టు, అభిమానులు అంతా అదే బస్సు. వెనక సీటులో విష్ణుతేజ చెవుల్లో పాటలు పెట్టుకుని కూర్చున్నాడు. సూర్యనారాయణ జేబులో జాబితా ఉంది.

ముద్దనూరు దాటుతుండగా రోడ్డు పక్కన ఒక వ్యాను బానెట్ ఎత్తుకుని పొగలు కక్కుతూ కనిపించింది. దాని ముందు జమ్మలమడుగు జట్టంతా నిలబడి బస్సుకు చేతులెత్తుతోంది. మధ్యలో బంతుల సంచి భుజాన వేసుకుని సిరాజుద్దీన్.

ఇక్బాల్ మెల్లగా సూర్యనారాయణ పక్కకు వచ్చాడు. "నాలుగింటికి వాళ్లు రాకుంటే గెలుపు మనదే సామీ. బెల్లు కొట్టగాకు," అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాటకు సూర్యనారాయణ మనసు గంతులేసింది. ఆట లేదు, గోలు లేదు, కొడుకు మీదికి బంతి వచ్చే పనే లేదు. ఇంత సంతోషం ఎందుకు కలుగుతోందో ఆయన ఆలోచించుకునే లోపలే, పద్దెనిమిదేళ్లుగా చెయ్యెత్తిన ప్రతి మనిషికీ బస్సు ఆపిన చెయ్యి పైకి లేచి తాడు లాగేసింది. బస్సు ఆగింది. సూర్యనారాయణ తన చేతి వైపు పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు.

బస్సు కిటకిటలాడింది. ఎటు నుంచి తోసుకొచ్చారో గాని, ఫుట్‌బోర్డు దగ్గర సిరాజుద్దీన్, సూర్యనారాయణ ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరగా ఇరుక్కుపోయారు. గురమ్మ ఆ రూటులో లేదు. రెండు కిలోమీటర్లు ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరు పీల్చారు. ఇక సూర్యనారాయణ వల్ల కాలేదు.

"నాకొక్కనికన్నా చెప్పి పోవాల గద భాయ్."

బస్సులో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇక్బాల్ తీర్మానం గుర్తు చేయబోయి, జవాబు వినాలన్న ఆత్రం కొద్దీ మానుకున్నాడు.

"ఆడ ఎవురికీ ఫుట్‌బాల్ తెలీదు సామీ," అన్నాడు సిరాజుద్దీన్. "ఒగరూ జాబితా రాసియ్యరు. ఆడేది పదకొండు మందని నేను చెప్పేదాంకా తెలీదు వాళ్లకు. శానా నిమ్మళంగా ఉండాది."

జమ్మలమడుగు కుర్రాళ్లు నవ్వారు. ప్రొద్దుటూరువాళ్లలో కొందరికి నవ్వు వచ్చినా మింగేశారు. సూర్యనారాయణకు మాత్రం నవ్వు రాలేదు.

"అదొగటే అయితే నాతో చెప్పుకోని నగేవాడివి. ఇంగేమో ఉండాది."

సిరాజుద్దీన్ ఒకసారి వెనక సీటు వైపు చూశాడు. తర్వాత సూర్యనారాయణకు మాత్రమే వినబడేలా గొంతు తగ్గించాడు. "పిల్లోడు బంతి మీదికొస్తే కండ్లు మూసుకుంటాండాడు సామీ. ఒగసారి గాదు, వచ్చిన ప్రతిసారీ. వాని తప్పు గాదది, కొందరికి అట్లే ఉంటాది. పేరు కొట్టేయాలంటే నీ మొగం చూసి చెప్పాల. నాకు చాతగాలే. దానికంటే జట్టు మారేది సులువనిపించె."

అబద్ధమని గట్టిగా అనడానికి సూర్యనారాయణ నోరు తెరిచాడు. నా కళ్లతో నేను చూడలేదా అని అడగాలి. అక్కడే మాట ఆగిపోయింది. చూడలేదు. బంతి కొడుకు వైపు వచ్చిన ప్రతిసారీ ఆయనా కళ్లు గట్టిగా మూసుకుని ఆంజనేయుణ్ణి తలుచుకునేవాడు. జనం అరుపులు విని, ఏం జరిగిందో తెలుసుకుని అప్పుడు కళ్లు తెరిచేవాడు. నాలుగేళ్లలో కొడుకు ఒక్క బంతి పట్టడం గాని వదలడం గాని ఆయన చూసి ఎరగడు. టికెట్ మిషన్ పట్టుకుని ఆయన పులివెందుల దాకా అలాగే నిలబడ్డాడు. ఆ దారిలో ఎక్కిన నలుగురు టికెట్ కోసం తామే అడగాల్సి వచ్చింది.

తిరుగు ట్రిప్పుకు ఇంకా టైముంది గనక అందరితో పాటు గ్రౌండుకు వెళ్లి జేబులోంచి జాబితా తీశాడు. మొదటి పేరు కొట్టేసి అన్సర్ అని రాశాడు. అన్సర్ నాలుగేళ్లుగా బెంచీ మీద కూర్చుంటున్న కుర్రాడు. ఇక్బాల్ కాయితం చూసి ఏందిదని అడిగాడు.

"మావాడు కండ్లు మూసుకుంటాడప్పా," అన్నాడు సూర్యనారాయణ. అందరి ముందు ఆ మాట అనడానికి ఆయన ప్రాణం బిగబట్టుకోవలసి వచ్చింది. వినగానే అందరూ నోళ్లు తెరుస్తారని, కనీసం ఒక్కడైనా కాదంటాడని అనుకున్నాడు. ఇక్బాల్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఇంకొకరికి దగ్గు వచ్చింది. అన్సర్ అప్పటికే సంచిలోంచి చేతి గ్లవుజులు తీసి తొడుక్కుంటున్నాడు. ప్రతి ఆటకూ తెచ్చుకుంటున్నాడట.

"మీకందరికీ తెల్సా?"

"రాసేది నువ్వు గద సామీ," అన్నాడు ఇక్బాల్.

ఊరంతా కలిసి ఎంపిక చేస్తున్నామనుకున్న పదకొండు పేర్లలో ఒకటి తన మొహం చూసి ఒప్పుకున్నదని సూర్యనారాయణకు అప్పుడు అర్థమైంది. ఆయనకు కోపం రాలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే వెళ్లి, గట్టు మీద ఒంటరిగా కూర్చున్న కొడుకు పక్కన కూర్చున్నాడు. ఆట మొదలైంది. అవతల గోల్‌లో అన్సర్‌ను చూసి సిరాజుద్దీన్ రెండు చేతులా తల పట్టుకున్నాడు. ఆయన జట్టు కొట్టిన మొదటి మూడు బంతులూ అన్సర్ చేతుల్లోకే పోయాయి. బస్సులో నిజం చెప్పినందుకు దక్కిన ఫలం అది.

"నువ్వన్నా చెప్పొచ్చు గదరా," అన్నాడు సూర్యనారాయణ కొంతసేపటికి.

విష్ణుతేజ గడ్డి పీకుతూ, "సిరాజ్ మామ పోయినేడే నీకు చెప్తానని లేసినాడు నాయినా. నేనే చెయ్యి పట్టుకోని ఆపినా," అన్నాడు. "డ్యూటీ దిగి యూనిఫారం గూడా ఇడవకుండా ఉరుక్కుంటా వస్తాంటివి. నేను గోల్‌లో లేకుంటే నువ్వు రావేమోనని."

ఈ సంగతి సిరాజుద్దీన్ బస్సులో చెప్పలేదు. చాతగానితనమంతా తనదేనని నెత్తిన వేసుకున్నాడు. సూర్యనారాయణ గ్రౌండు అవతల కుంటుకుంటూ అరుస్తున్న స్నేహితుణ్ణి చూశాడు, పక్కనున్న కొడుకును చూశాడు. ఇద్దరూ కలిసి తనను ఇన్నాళ్లూ ఎత్తుకుని మోశారని ఆయనకు తెలిసింది.

"నేనూ మూసుకుంటాంటిరా," అన్నాడు చివరికి.

"ఏంది?"

"కండ్లు. బంతి నీ మీదికి వస్తే."

విష్ణుతేజ తండ్రి మొహంలోకి ఒక క్షణం చూసి, పక్కున నవ్వాడు. ఆ నవ్వు సూర్యనారాయణకూ అంటుకుంది. భుజాలు అదిరేలా, కళ్ల వెంట నీళ్లు కారేలా ఇద్దరూ నవ్వుతుండగా జమ్మలమడుగు గోలు కొట్టింది. ఇక్బాల్ వెనక్కి తిరిగి, వీళ్లు గూడా జట్టు మారినారేమోనని అనుమానంగా చూశాడు.