పరీక్షకు వెళ్లిన సెలూన్ కుర్చీ

నేను ఒక ఎత్తు కుర్చీని. వేగిస చెక్కతో చేసిన ఒళ్లు నాది. రెండు చేతులు, నడుముకు ఆనే వీపు, పాదాలు పెట్టుకోవడానికి కింద ఒక ఇనప పట్టీ ఉన్నాయి. బొబ్బిలిలో సెలూన్ నడిపే గౌరీశ్వరరావు చిన్నపిల్లలకు జుట్టు కత్తిరించడానికని వడ్రంగి పక్కన నిలబడి మరీ నన్ను చేయించాడు. నాలో కూర్చోబెడితే పిల్లల తల ఆయన చేతికి అందుతుంది. నడుం వంచే పని ఉండదు.

నా తొలి సంవత్సరాలన్నీ ఏడుపుల మధ్యే గడిచాయి. బొబ్బిలిలో ఏడవడం వచ్చిన ప్రతి బిడ్డా నాలో ఒకసారైనా కూర్చుని ఏడ్చింది. "ఏం కాదురా, ఏం కాదు" అంటూ ధైర్యం చెప్పే తండ్రులు కత్తెర చప్పుడు వినగానే పిల్లల కంటే ముందు తామే కళ్లు మూసుకునేవారు. మనుషులు భయాన్ని పిల్లలకు ఎలా అందిస్తారో నేను చాలా దగ్గరగా చూశాను.

ఏడవకుండా కూర్చున్నది గౌరీశ్వరరావు కూతురు హైమావతి ఒక్కతే. ఆ పిల్ల వయసు పెరిగింది గానీ ఎత్తు పెరగలేదు. విశాఖపట్నంలో డాక్టర్లు చూసి, ఇది జబ్బు కాదు, ఎముకల తీరే అంత, ఇంతకు మించి ఎదగదు అన్నారు. ఇంట్లో కుర్చీలు, బడిలో బెంచీలు అన్నీ ఆమెకు పెద్దవే. కూర్చుంటే కాళ్లు గాల్లో వేలాడేవి, గడ్డం బల్లకు తగిలేది. నాలో మాత్రం పాదాలు ఇనప పట్టీ మీద నిలిచేవి, అద్దం కింద ఉన్న బల్ల సరిగ్గా మోచేతుల దగ్గరికి వచ్చేది. అందుకే బడి వదలగానే సెలూన్‌కు వచ్చి, నాలో ఎక్కి కూర్చుని, దువ్వెనలు పక్కకు జరిపి పుస్తకం తెరిచేది. వెనక రేడియో మోగుతున్నా, రాజకీయాలు సాగుతున్నా ఆమె తల ఎత్తేది కాదు. ఇంటర్లో ఎంపీసీ చదివింది కూడా నాలోనే. ఫార్ములాలు గుర్తుండటానికి బాల్‌పెన్నుతో నా చేతుల మీద రాసుకునేది. నాకు చక్కిలిగింతలుగా ఉండేది గానీ, చదువుకున్న కుర్చీనయ్యానన్న గర్వం కూడా ఉండేది.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షకు ఆమె మొదటిసారి నేను లేకుండానే వెళ్లింది. విజయనగరం శివార్లలో సెంటరు. సాయంత్రం తిరిగి వచ్చి నేరుగా నాలో కూర్చుంది. అక్కడి కుర్చీ మీద దిండు వేసి కూర్చోబెట్టారట. దిండు జారిపోతూ ఉంటే ఒక చేత్తో బల్ల పట్టుకుని, ఇంకో చేత్తో మౌస్ పట్టుకుందట. వేలాడిన కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారిపోయాయట. ర్యాంకు చాలా దూరంలో వచ్చింది.

మరుసటి ఏడు మళ్లీ దరఖాస్తు చేసింది, మళ్లీ అదే సెంటరు పడింది. పరీక్ష దగ్గరపడ్డాక ఒక రోజు తండ్రితో తేల్చి చెప్పింది.

"ఈసారి నా కుర్చీ నాతో వస్తాది నాన్నా."

గౌరీశ్వరరావు చేతిలో కత్తెర ఆగిపోయింది. "పరీక్షకి సెలూన్ కుర్చీ పట్టుకెళ్తే అందరూ నవ్వుతారు కదమ్మా."

"నవ్వనీ. పోయినేడు ఎవరూ నవ్వలేదు. నాకు మంచి ర్యాంకూ రాలేదు."

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. ముందే సెంటరుకు వెళ్లి అడిగితే, ఆ రోజు చూద్దాంలే అని పంపించేశారు. పరీక్ష రోజు తెల్లవారుజామున కూరగాయల ఆటోలో, వంకాయ బుట్టల మధ్య తాడుతో నన్ను కట్టారు. నా పక్కన తండ్రీకూతుళ్లు కూర్చున్నారు. నేను ఊరు దాటడం అదే మొదలు.

గేటు దగ్గర పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ కిక్కిరిసి ఉన్నారు. నన్ను చూడగానే గార్డు నవ్వాడు.

"ఏటిది? ఇక్కడ సెలూన్ పెడతారేటి?"

చుట్టూ నలుగురు నవ్వారు. గౌరీశ్వరరావు తల దించుకున్నాడు. హైమ దించుకోలేదు. "పెద్ద సారుని పిలవండి" అంది.

సెంటరు సూపరింటెండెంట్ సుదర్శనరావు వచ్చాడు. హాల్‌టికెట్టూ పెన్నూ తప్ప ఇంకేమీ లోపలికి రాకూడదన్నాడు. "లోపల కుర్చీలున్నాయి కదమ్మా."

"పోయినేడు ఆ కుర్చీలోనే కూర్చున్నాను సార్. సగం పరీక్ష కాళ్లు నిమురుకోడానికే సరిపోయింది. నాకు మార్కులు కలపమని అడగట్లేదు. అందరూ కూర్చున్నట్టు కూర్చోనివ్వండి, అంతే."

ఆయన నన్ను ఓసారి, ఆమెను ఓసారి చూశాడు. ఏమనుకున్నాడో, "సరే, తనిఖీ చెయ్యండి" అన్నాడు. గార్డు నా మీద యంత్రం తిప్పితే ఇనప పట్టీ దగ్గర కూతపెట్టింది. తిరగేశారు, తట్టి చూశారు. మనుషులు కుర్చీని కూడా ఇంతగా అనుమానిస్తారని నాకు అప్పుడే తెలిసింది. అంతలో గార్డు కేక పెట్టాడు.

"సార్, దీని చేతుల మీద ఏటో లెక్కలున్నాయి!"

హైమ ముఖం పాలిపోయింది. మూడేళ్లుగా రోజూ చూసి చూసి ఆ రాతలు ఆమె కంటికి ఆనడమే మానేశాయి. సుదర్శనరావు ముఖం గట్టిపడింది. "ఫార్ములాలతో వచ్చిన కుర్చీని లోపలికి ఎలా పంపమంటావమ్మా? ఇక కుదరదు."

అప్పుడు గౌరీశ్వరరావు భుజాన ఉన్న సంచి దించాడు. సాయంత్రానికి తిరిగొచ్చి నేరుగా కొట్టు తెరవాలని, రాత్రిళ్లు ఇంట్లో ఉంచే తన సామాను వెంట తెచ్చుకున్నాడు. మంగలికత్తి తీశాడు.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ. మీ కళ్ల ముందే తీసేస్తాను."

నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తువ్వాలు తడిపి నా చెయ్యి తుడిచాడు. కత్తిని కాస్త వాల్చి గీకడం మొదలుపెట్టాడు. ఊరి గడ్డాలన్నీ గీసిన ఆ చెయ్యి అప్పుడు నన్ను గీసింది. పలచని పొట్టు సుళ్లు తిరుగుతూ రాలింది. దాంతో పాటు ఫార్ములాలూ నల్లబడ్డ వార్నిషూ రాలి, లోపలి కొత్త చెక్క బయటపడింది. ఒక గంటు పడలేదు, ఒక పేడు లేవలేదు. ఇందాక నవ్వినవాళ్లు దగ్గరికి వచ్చి చూస్తున్నారు. పరీక్షకొచ్చిన ఓ పిల్లాడి తల్లి వంగి, తువ్వాలు మళ్లీ తడపడానికి తన సీసాలో నీళ్లు పోసింది. గౌరీశ్వరరావు తల ఎత్తకుండా రెండో చెయ్యి కూడా పూర్తిచేసి లేచాడు.

సుదర్శనరావు నా చేతుల మీద అరచేత్తో నిమిరి చూశాడు. "నున్నగా ఉంది" అన్నాడు. తర్వాత గార్డు వైపు తిరిగి, "జాగ్రత్తగా లోపలికి పట్టుకురా" అన్నాడు.

ఆ గదిలో నన్ను కంప్యూటరు ముందు వేసినప్పుడు కలిగిన గర్వం ఏ సింహాసనానికీ తెలిసి ఉండదు. హైమ పాదాలు పట్టీ మీద కుదుటపడ్డాయి, కళ్లు తెరకు ఎదురుగా వచ్చాయి. మధ్యలో ఏదో ప్రశ్న దగ్గర ఆమె వేలు అలవాటుగా నా కుడిచేతి మీదికి వచ్చింది. అక్కడ ఒకప్పుడు ఒక ఫార్ములా ఉండేది. ఇప్పుడు ఉత్త చెక్క. ఆమె క్షణం సేపు కళ్లు మూసుకుంది. తెరిచి, జవాబు నొక్కింది. ఆ తర్వాత చివరిదాకా ఆమె చెయ్యి నా మీదికి రాలేదు.

ఫలితాలు వచ్చిన రోజు గౌరీశ్వరరావు గడ్డానికి వచ్చిన ప్రతివాడికీ కూతురి ర్యాంకు చెప్పాడు. అడగనివాళ్లకు రెండుసార్లు చెప్పాడు. హైమకు ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. అక్కడి వర్క్‌షాపులో ఆమె కొలతలకు కొత్త కుర్చీ తయారైంది.

నన్ను ఏం చేయాలన్న మాట వచ్చినప్పుడు ఆమే చెప్పింది.

"ఆ సెంటరుకే ఇచ్చెయ్ నాన్నా. మళ్లీ ఎవరో ఒకరు వస్తారు. వాళ్లు కూడా కూరగాయల ఆటోలో కుర్చీ తెచ్చుకోవాలా?"

గౌరీశ్వరరావుకు ప్రాణం ఒప్పలేదు. నన్ను కడిగి, కొత్త వార్నిషు వేసి, తానే తీసుకొచ్చి సుదర్శనరావుకు అప్పగించాడు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగి ఒకసారి వెనక్కి చూశాడు.

అప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను. ఒక ఏడు సాలూరు నుంచి వచ్చిన అమ్మాయి నాలో కూర్చుని రాసింది, తర్వాత కాలు విరిగి కట్టుతో వచ్చిన ఒక కుర్రాడు రాశాడు. ఈ మే నెలలో మాత్రం నా అవసరం ఉన్నవాళ్లెవరూ రాలేదు. అయినా పరీక్ష ముందు రోజు అటెండరు నన్ను స్టోర్ రూమ్ నుంచి తెచ్చి, దుమ్ము దులిపి, మొదటి వరసలో కంప్యూటరు ముందు వేశాడు. ఎందుకని కొత్త ఇన్విజిలేటర్ అడిగింది.

"ఎవరైనా వస్తే అడగాల్సిన పని లేకుండా మేడమ్" అన్నాడు.

పరీక్ష జరిగినంతసేపూ ఖాళీగానే ఉన్నాను. నా జీవితంలో అంత గర్వంగా నేనెప్పుడూ నిలబడలేదు.