మెట్ల మలుపులో రెండు కుర్చీలు

"గ్యాస్ కట్టేశావో లేదో నీకే గుర్తుండదు. నీకు నాలుగంతస్తుల భవనం అప్పగించారా?" అన్నాడు భర్త, పేపర్లోంచి తల ఎత్తకుండా.

అగ్నిప్రమాదం జరిగితే ఆఫీసులో అందరినీ క్షేమంగా బయటికి పంపే బాధ్యత తనకిచ్చారని ఆమె అప్పుడే చెప్పింది. చెబుతున్నప్పుడు గ్యాస్ కట్టేసి, అతను తిన్న ప్లేటు కడుగుతోంది. గ్యాస్ కట్టడం ఆమె మరిచిపోయింది ఒకే ఒక్కసారి, పెళ్లయిన కొత్తలో. ఆ ఒక్కసారి గురించి ఇంటికొచ్చిన చుట్టాలందరికీ తెలుసు. ఆమె నవ్వి ఊరుకుంది.

నిజానికి ఆ బాధ్యత ఎవరికీ అక్కర్లేదు. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నట్టు మీటింగులో అందరూ తలలు దించుకుని కూర్చుంటే, మేనేజర్ చూపు తిరిగి తిరిగి ఆమె దగ్గర ఆగింది. ఇల్లంతా చక్కబెట్టుకునేవారు, మీకిదో లెక్కా అన్నాడు. జీతం పెరగలేదు. ఒక గది మాత్రం ఇచ్చారు. పాత ఫైళ్లు కుక్కే గదిలో బీరువా పక్కకి జరిపి బల్ల వేశారు. ఆ గదికి కిటికీ లేదు కానీ తలుపుంది. మొదటి రోజు ఆమె ఆ తలుపు మూసి చూసుకుంది, తెరిచి చూసుకుంది, మళ్లీ మూసింది. తన సంబరానికి తనకే సిగ్గేసింది.

శిక్షణకి పంపితే అక్కడ చెప్పిన ఒక్క మాట ఆమె మనసులో దిగబడిపోయింది. అత్యవసర మెట్ల మీద కాళ్లు తుడుచుకునే పట్టా కూడా ఉండకూడదట. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, కాళ్లతో తడుముకుంటూ దిగాలి. ఒక్క కుర్చీ అడ్డమైతే చాలు, వెనక వచ్చేవాళ్లంతా దాని మీదే పడతారు. ఆమె ఆ మాట నమ్మింది. నమ్మింది కాబట్టే ఆఫీసుకి తిరిగొచ్చాక ఇనుప తలుపు తోసుకుని మూడో అంతస్తు మెట్ల మలుపులో ఆగిపోయింది. అక్కడ చేతులు విరిగిన రెండు కుర్చీలు, ఒక చాప, ఎవరిదో శాలువా ఉన్నాయి. గోడ మీద, కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, నల్లగా జిడ్డు మరక ఉంది. ఎన్నేళ్లుగానో ఎందరో ఆడవాళ్లు తల ఆనించగా పట్టిన నూనె మరక అది. అందులో ఆమె తలనూనె కూడా ఉంది.

ఆమె ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ ఆఫీసులో ఆడవాళ్లు కాసేపు కూర్చోవడానికి చోటుండేది కాదు. మగవాళ్లకి ఎదురుగా టీ కొట్టుంది, పైన మేడ ఉంది, సిగరెట్ వెలిగించి ఎక్కడ నిలబడితే అదే వాళ్ల చోటు. ఆడవాళ్లకి సీటు, లేదంటే బాత్రూమ్. పసిబిడ్డని అత్తగారికి వదిలి ఆమె మళ్లీ డ్యూటీలో చేరిన వారంలోనే, పాలు చేపుకొచ్చి జాకెట్ తడిసిపోతే, ఫైలు గుండెలకి అడ్డం పెట్టుకుని నడవాలో ఏడవాలో తెలియక నిలబడిపోయింది. అందరూ పెద్దక్క అని పిలిచే టెలిఫోన్ ఆపరేటర్ చూసి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది ఈ మెట్ల మలుపులోకే. కుర్చీలో కూర్చోబెట్టి, తను వెళ్లి ఇనుప తలుపుని చేతులతో నొక్కిపట్టి నిలబడింది.

"కానివ్వు తల్లీ. ఎవడొస్తాడో నేను చూస్తా."

ఆమె పాలు పిండుకుంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దక్క వెనక్కి తిరగలేదు, ఊరుకోమని కూడా అనలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నాలు అక్కడే. టైపిస్టు కింది మెట్టు మీద కూర్చుని, సెలవు చీటీ చూడగానే అప్పటి మేనేజర్ ఎలా గొంతు సవరించుకునేవాడో చేసి చూపించేది. నవ్వు కింద దాకా వినిపిస్తుందని కొంగులు నోట్లో కుక్కుకునేవాళ్లు. పెద్ద విషయాలేం మాట్లాడుకోలేదు. ఒక్కోరోజు అసలు మాట్లాడుకోనే లేదు, గోడకి తల ఆనించి కళ్లు మూసుకునేవాళ్లు. ఇంట్లో ఆమె కూర్చోగానే ఎవరో ఒకరికి దాహం వేసేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని అత్తగారు గోడకి చెప్పినట్టు చెప్పేవారు. ఈ మలుపులో మాత్రం ఎవరికీ దాహం వేసేది కాదు. పుట్టింటి నుంచి వచ్చాక ఆమెకి పుట్టిల్లంటే ఇదే.

పెద్దక్క రిటైరై, ఆ తర్వాత పోయింది. టైపిస్టు బదిలీ మీద వెళ్లింది. కుర్చీలు ఇప్పటి అమ్మాయిల చేతికొచ్చాయి. మొన్ననే ప్రసూతి సెలవు నుంచి వచ్చిన జూనియర్ క్లర్కు, ఈరోజు ఆమె తలుపు తోసుకుని వచ్చేసరికి అక్కడే ఉంది. మర్నాడు అగ్నిమాపక శాఖవాళ్లు తనిఖీకి వస్తున్నారని, మెట్లు ఖాళీ చేయాలని ఆమె ఆ అమ్మాయికి చెప్పింది. ఎందుకో కూడా వివరంగా చెప్పింది. క్లర్కు వాదించలేదు. శాలువా మడతపెట్టుకుని, "అయితే మళ్లీ బాత్రూమేనా మేడం?" అంది.

ఆమె నేరుగా మేనేజర్ గదికి వెళ్లింది. ఆడవాళ్లకి కూర్చోవడానికి ఒక గది కావాలంది. అతను మొహం చిట్లించాడు. ఉన్న గదులన్నీ నిండిపోయాయన్నాడు. అంతలో ఏదో తట్టి నవ్వాడు.

"మీ గది ఉందిగా. మీరైతే సర్దుకుంటారు."

ఆమె నోట్లోకి 'సరే' అప్పటికే వచ్చేసింది. మరిది పరీక్షలకి పడగ్గది ఇచ్చినప్పుడు, అత్తగారికి గాలి సరిపోదని కిటికీ పక్క మంచం ఇచ్చినప్పుడు, కొడుకు చదువుకి తన కుట్టుమిషన్ ఉన్న మూల ఇచ్చినప్పుడు, ప్రతిసారీ ఇలాగే వచ్చింది ఆ మాట, ఎవరూ అడగకముందే. ఇచ్చిన ప్రతిసారీ ఆమె మనసు బంగారమన్నారు. ఇచ్చినవేవీ తిరిగి రాలేదు. ఆ 'సరే'ని ఆమె ఈసారి మింగేసింది.

"నా గది నాకు కావాలి సార్. విజిటర్స్ రూమ్ ఇవ్వండి."

"అతిథులొస్తే?"

"వాళ్లొచ్చేది ఎప్పుడో. వచ్చిన రోజు మీ గదిలో కూర్చుంటారు."

అతను నవ్వి, ఆమె కూడా నవ్వుతుందేమోనని చూశాడు. ఆమె నవ్వలేదు. మెల్లగా చెప్పింది. కుర్చీలు ఈరోజు తీయించగలదు, కానీ రేపు మళ్లీ వస్తాయి. కూర్చునే చోటు లేని మనుషులు మెట్ల మీదే కూర్చుంటారు. మెట్లు ఎప్పుడూ ఖాళీగా ఉంటాయని తనిఖీవాళ్ల ముందు సంతకం పెట్టాల్సింది తను. ఈ పరిస్థితిలో పెట్టలేనంది. మేనేజర్ పెన్ను మూత పెట్టి తీశాడు, తీసి పెట్టాడు. చివరికి సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, ఫోను అందుకున్నాడు.

సాయంత్రానికి మెట్లు కడిగించింది. గోడకి సున్నం కొట్టే మనిషి మరక మీద బ్రష్ పెడుతుంటే అక్కడ ఉండలేక వచ్చేసింది. పెద్దక్క రెండోసారి పోయినట్టనిపించి బాగా ఏడుపొచ్చింది.

విజిటర్స్ రూమ్‌లో జూనియర్ క్లర్కు సోఫా అంచున కూర్చుని ఉంది, ఎవరైనా లేపేస్తారన్నట్టు. మెత్తటి సోఫాని అరచేత్తో తడిమి, భయంభయంగా అడిగింది.

"ఇక్కడ ఎంతసేపు కూర్చోవచ్చు మేడం?"

పది నిమిషాలనబోయి ఆమె ఆగిపోయింది. తర్వాత తలుపు దగ్గరగా వేసి వచ్చి, పక్కన కూర్చుంటూ చెప్పింది.

"లేవాలనిపించేదాకా."