ఏ చేత్తో ఇచ్చినాడు?

పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్లు కట్టే మునిచంద్రను క్రికెట్ ఆటకు ఎవరూ పిలవరు. ఆయనే వెళ్తాడు. ఆదివారం జిల్లా లీగ్ మ్యాచ్ ఉందంటే చాలు, వెదురు దబ్బలు, గుడ్డపీలికలు, కట్టుకు పూయడానికి నాలుగు కోడిగుడ్లు సంచిలో వేసుకుని, పదేళ్ల కూతురు అమలను వెంటబెట్టుకుని బౌండరీ తాడు పక్కన తిష్ట వేస్తాడు. 'ఎవురి ఎముక ఇరుగుతాదా అని కాసుకోనుండాడు' అని ఆటగాళ్లు నవ్వుకుంటారు. చెయ్యి విరిగిన రోజున మాత్రం నవ్వు మాయమై 'మునన్నా, మునన్నా' అంటూ పరిగెత్తుకొస్తారు. మనుషులు ఎక్కడైనా అంతే కదా.

అమలకు ఒకటే ఆశ. ఎర్రతోలుది, తెల్లకుట్టుది, అసలైన క్రికెట్ బంతి ఒకటి తన సొంతం కావాలి. బడిలో మగపిల్లలు రబ్బరు బంతి చూపించే తెగ బడాయి పోతుంటారు. ఇలాంటిది తీసుకుపోతే వాళ్ల నోళ్లు మూతపడతాయి. రెండేళ్లుగా ఈ తాడు పక్కన కూర్చుంటున్నది అందుకే.

ఆ ఆదివారం తిరుపతి జట్టులో వెంకటకృష్ణ అనే కుర్రాడు బాగా ఆడుతున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. నలభై పరుగులు దాటాక ఒక బంతి ఎగిరొచ్చింది. తల తిప్పుకున్నాడు కానీ తప్పించుకోలేకపోయాడు. హెల్మెట్ అంచు కింద, ఎడమచెవి వెనక తగిలింది. ఆ చప్పుడు తాడు దాకా వినిపించింది. మోకాళ్ల మీద కూలబడ్డాడు. రెండు నిమిషాలకు లేచి, నీళ్లు తాగి, నవ్వి మళ్లీ బ్యాటు పట్టుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

మునిచంద్ర కొట్టలేదు. లేచి నిలబడి, ఆట అయ్యేదాకా మళ్లీ కూర్చోలేదు.

పావుగంట తర్వాత వెంకటకృష్ణే సిక్సర్ కొట్టి ఆట ముగించాడు. బంతి తాడు దాటి తుమ్మకంపల్లో పడింది. అమల ముళ్లు గీరుకుపోతున్నా లెక్కచేయకుండా దాన్ని బయటికి తీసింది. ఈలోగా మునిచంద్ర ఆ కుర్రాణ్ని ఒకసారి చూస్తానని వెళితే, జట్టు మేనేజర్ పద్మనాభ్ అడ్డుపడ్డాడు.

"ఏం కాలేదులే పెద్దాయనా. అన్నం తిని బయల్దేరతాం. నువ్వు అపశకునం మాటలు మాట్లాడొద్దు."

వాళ్లు తిని, సామాన్లు సర్దుకునేసరికి ఇంకో అరగంట గడిచింది. మునిచంద్రకు మనసు ఒప్పలేదు. కూతుర్ని దగ్గరికి పిలిచాడు.

"అమ్మీ, ఆ బంతి తీసుకపోయి ఆయప్పకియ్. ఏ సేత్తో తీసుకుంటాడో బాగా సూడు. ఎడంపక్క తగిలినోడికి కుడిసెయ్యి లేయకపోతే తలకాయ లోపల దెబ్బ తగిలినట్టు. పరిగెత్తుకోనొచ్చి నాకు సెప్పు. వాళ్లు తిట్టినా కొట్టినా సరే, వ్యానుకు అడ్డం పండుకుంటా."

వెంకటకృష్ణ వ్యాన్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"అన్నా, మీ బంతి."

ఎవరు పిలిచారో వెతుక్కున్నట్టు చూశాడు. తర్వాత ఎడమచెయ్యి చాపి బంతి తీసుకున్నాడు. నవ్వాడు కానీ నవ్వు మూతికి ఒక పక్కే వచ్చింది. కుడిచెయ్యి ఎవరో పెట్టి మరిచిపోయిన సంచిలా తొడ మీద పడి ఉంది.

"నువ్వే పెట్టుకో పాపా," అని అదే ఎడమచేత్తో తిరిగి ఇచ్చాడు.

అమల గుండె ఎగిరి గంతేసింది. రెండడుగులు వేసిందో లేదో అవ్వ గుర్తొచ్చింది. ఎడమచేత్తో ఇచ్చిన వస్తువు అవ్వ రాఘవమ్మ గడప తొక్కనివ్వదు. పోయినేడు పక్కింటామె చంకలో బిడ్డను పెట్టుకుని ఎడమచేత్తో గాజులిస్తే, వాటిని తీసుకెళ్లి బావిలో పారేసింది. నాయన కూడా వద్దనలేదు. ఇప్పుడు నిజం చెబితే ఈ బంతీ బావిలోకే. ఆ కుర్రాడి చెయ్యి ఎందుకు లేవలేదో అమలకు తెలియదా అంటే, తెలుసు. పదేళ్ల పిల్లకు తెలిసినంత తెలుసు. అంతమంది పెద్దవాళ్లు పక్కనే ఉన్నారు, వాళ్లు చూసుకోరా అనుకుంది.

"ఏ సేత్తో తీసుకున్నాడు?" మునిచంద్ర ఎదురొచ్చి అడిగాడు.

"కుడిసేత్తో నాయనా."

"ఇచ్చింది?"

"కుడిసేత్తోనే ఇచ్చినాడు."

"పోనీలే, దేవుడు సల్లగా సూసినాడు," అని మునిచంద్ర సంచి మూతి కట్టేశాడు. వ్యాన్ కదిలింది. కిటికీలో వెంకటకృష్ణ తల అద్దానికి ఆనించి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఇంట్లో అవ్వా అదే అడిగింది. అమల అదే చెప్పింది. కానీ బంతి పట్టుకుని వీధిలోకి పోబుద్ధి కాలేదు. తలుపు మూల కూర్చుని కుట్టు మీద వేలితో రాస్తూ ఉండిపోయింది. అన్నం తినమంటే వద్దంది. దీపాలు పెట్టే వేళకు, ఆకు నూరుతున్న నాయన దగ్గరికొచ్చి నిలబడింది.

"నాయనా, ఎడంసేత్తో ఇచ్చినాడు."

మునిచంద్ర చెయ్యి ఆగిపోయింది. తిట్టలేదు, కొట్టలేదు. పసరు చేతులతోనే ఫోన్ తీసి పద్మనాభ్‌కు చేశాడు. రెండుసార్లు మోగి ఆగింది. మూడోసారి ఎత్తారు. మునిచంద్ర చాలాసేపు విన్నాడు. ఫోన్ పెట్టేసి గోడకు చేరగిలబడ్డాడు.

"దోవలో వడమాలపేట దాటినాక నిద్రపోయినాడంట. నిద్రే అనుకున్నారంట. తిరుపతిలో దిగమని లేపితే లేయలేదంట."

"ఇప్పుడెట్లుండాడు?" అంది అమల.

"లేడు."

రాఘవమ్మ నోరు కొట్టుకుంటూ లేచింది. "ఎడంసేతి బంతి ఇంట్లో పెట్టుకోనుండామా! తే ఇట్లా, బాయిలో ఏసొస్తా."

తీసుకుపోతే బాగుండునని అమల రెండు చేతులా బంతి చాపింది. మునిచంద్ర తల్లికి అందకుండా దాన్ని తీసుకున్నాడు. అమల కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిలో తన కుడిచేత్తో బంతి పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే మూశాడు.

"ఇదో, కుడిసేత్తోనే ఇచ్చినా. ఇంక ఇది నీదే."