గట్టు కింది గదులు

కోతకు ముందు ఒక పొద్దున వదిన కాలు పొలం గట్టులోకి మోకాలిదాకా దిగబడింది. ఆడపడుచు చెయ్యిచ్చి పైకి లాగింది.

"పందికొక్కులే అమ్మాయ్. పిలవని చుట్టాలు, ఏకంగా కాపురమే పెట్టేశాయి," అంది వదిన మట్టి దులుపుకుంటూ.

వదిన భర్త లారీ తోలుకుని వెళ్ళాడు, ఎప్పుడొస్తాడో తెలీదు. అతను వచ్చేదాకా ఆగితే గట్టు మిగిలేలా లేదు. ఇద్దరూ మోటారు పైపు ఈడ్చుకొచ్చి కన్నంలో పెట్టారు. చూడబోతే నాలుగు బిందెలకే నిండేట్టుంది. నీళ్ళు మాత్రం పోతూనే ఉన్నాయి.

"ఇదేం కడుపు వదినా," అంది ఆడపడుచు.

అంతలో గట్టు అటు చివర, వాళ్ళు ఎన్నడూ అనుమానించని చోట, మట్టి ఉబ్బి నీళ్ళు బుసబుసా పైకొచ్చాయి. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

మోటారు కట్టేసి పారలు పట్టారు. తవ్వేకొద్దీ సొరంగం పాయలుగా చీలింది. ఒక పాయ మలుపు దగ్గర పైకి ఎక్కి గదిలా వెడల్పయింది. నీరు అక్కడిదాకా చేరలేదు. ఆ పైగది నిండా వరి వెన్నులు, కొడవలితో కోసినంత శుభ్రంగా తెగి, ఒద్దికగా పేర్చి ఉన్నాయి. వదిన గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"బూజు వాసనే లేదు," అంది మెల్లగా.

పక్క గదిలో ఏదో కదిలింది. తల్లి పందికొక్కు. నోట్లో కళ్ళు తెరవని ఎర్రటి పిల్ల. వదిన పార ఎత్తింది. అది ఇద్దరి కాళ్ళ మధ్యనుంచే పోయి, పిల్లను తుప్పలో దింపి, పారిపోకుండా మళ్ళీ వాళ్ళ వైపే వచ్చింది. ఇంకో పిల్లను తీసుకుపోయింది. మళ్ళీ వచ్చింది. ఎత్తిన పార ఎత్తినట్టే ఉండిపోయింది. ఆడపడుచు దారికి అడ్డం లేకుండా ఒక అడుగు వెనక్కి వేసింది.

చివరి పిల్ల కూడా వెళ్ళాక, తల్లి ఇంకోసారి తిరిగొచ్చి ఖాళీ గదంతా మూలమూలా వెతికి చూసుకుని, అప్పుడు పోయింది.

ఇద్దరూ రాళ్ళు వేసి గట్టు దిమ్మిస కొట్టారు. పైగదిని మాత్రం పూడ్చలేదు.

సాయంత్రం లారీ దిగిన అన్న, "ఎన్నిటిని చంపారు?" అని అడిగాడు.

"ముందు నువ్విది చూడన్నయ్యా," అంది చెల్లెలు.

అతను గట్టు పక్కన మోకాళ్ళమీద కూర్చుని పైగదిలోకి భుజందాకా చెయ్యి దూర్చాడు. వెన్నుల వెనక గోడ నున్నగా, అలికినట్టు తగిలింది. చాలాసేపు ఆ చెయ్యి బయటికి తీయలేదు.