బొమ్మ కింది తేదీ

ఖలీల్‌ను పోలీసులు తీసుకెళ్లిన మరునాటి ఉదయం అతని తల్లి రషీదాబీ టిఫిన్ డబ్బాతో నా గుమ్మం ముందు నిలబడింది. సకల జనుల సమ్మె మూడో వారంలో ఉంది. సోమవారం పదకొండు గంటలకు కోరుట్ల రాస్తారోకోలో పోలీసు జీపు అద్దాలు పగిలాయి. రాళ్లు వేసినవారిలో ఖలీల్ ఉన్నాడని కేసు.

ఆమెకు కావలసింది నా బొమ్మల పుస్తకం. ఎనిమిదేళ్లుగా ఈ ఊరి పాత గోడలను, వాటి పగుళ్లలో మొలిచే చెట్లను పెన్సిలుతో గీస్తున్నాను. ఎవరితోనూ కలవని నాకు ఊళ్లో ఉన్న పేరు ఒక్కటే: లేనిది గీయడు. నా కిటికీకి ఎదురుగా ఉన్న డంగుసున్నపు మేడ బొమ్మలో, గోడవార నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి పంక్చరు వెతుకుతున్న ఖలీల్ ఉన్నాడు. కింద నా చేతిరాత: 26 సెప్టెంబరు 2011, సోమవారం, ఉదయం 11. ఆ సాయంత్రం పాలు పోయడానికి వచ్చిన ఆమెకు దాన్ని నేనే చూపించాను.

కింద రాసింది బొమ్మ ముగిసిన సమయం. ఖలీల్‌ను గీసింది ఆదివారం. మేడ పగులులోని రావి మొక్క నీడ కుదరక, అదే వెలుతురు కోసం మరునాటిదాకా ఆగాను. సోమవారం ఆ తొట్టి దగ్గర ఎవరూ లేరు.

ఇదంతా ఆమెకు దాచకుండా చెప్పాను. ఆమె తడబడలేదు.

“ఎప్పుడు గీసిన్రని నేను అడుగుతలేను సార్. కింద రాసింది మీ చెయ్యే గద, గంతే చెప్పుండ్రి.”

ఖలీల్ రాయి వేశాడా అని అడిగాను.

“నన్నెందుకు అడుగుతరు సార్, నేను తల్లిని.”

స్టేషన్‌లో ఎస్సై నా పుస్తకం పేజీలు నింపాదిగా తిప్పాడు. మా స్టేషన్ గోడ గిట్ల ఎందుకు గియ్యలేదని నవ్వాడు. ఆ పేజీ దగ్గర నవ్వు ఆగింది. తేదీ నాదేనని మాత్రం చెప్పి తప్పుకోవాలని దారి పొడవునా అనుకున్నాను. అతను అడిగింది అది కాదు.

“గీ టైముకు పోరడు గీడనే ఉన్నడా సార్?”

“ఉన్నడు.”

తేదీ కింద సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. పుస్తకం కేసు తేలేదాకా ఇక్కడే ఉంటుందన్నాడు.

బయట రషీదాబీ మెట్ల మీద కూర్చుని ఉంది. మధ్యాహ్నానికి వదులుతారట అని చెప్పాను. ఆమె నా మొహం వంక చూడలేదు, డబ్బా చేతికి తీసుకుంది.

“అయితే ఇంటికాడనే తింటడు,” అంది.