నీళ్ళ వైపు గోడ

సరస్సులో తిరిగే పడవ ఆ ఇంటి ముందుకి రాగానే కాస్త నెమ్మదిస్తుంది. మైకు పట్టుకున్నవాడు ఇది మూడు వందల ఏళ్ళ నాటి ఇల్లని చెబుతాడు. జనం ఫోటోలు తీసుకుంటారు. ఆ ఫోటోలన్నిటిలోనూ కింది వాటా కిటికీలో ఛాతీ విరుచుకుని నిలబడి ఒకాయన కనిపిస్తాడు. ఆయన తాపీ మేస్త్రి. ఇల్లు ఆయనది కాదు, ఇరవై రెండేళ్ళుగా అద్దెకుంటున్నాడు. ఆ సంగతి పడవలోవాళ్ళకి తెలియదు. తెలియజెప్పాల్సిన అవసరమూ ఆయనకి కనిపించలేదు.

నిజానికి సుఖపడే ఇల్లేం కాదది. మెట్లలో ఏ రెండూ ఒక ఎత్తున ఉండవు. బీరువా గుమ్మంలో పట్టకపోతే ముక్కలు ముక్కలుగా విప్పి లోపలికి తెచ్చి, మళ్ళీ బిగించుకున్నారు. అయినా పొద్దున్నే నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీద ఆడుతుంటే, మేస్త్రి పళ్ళు తోముకోవడం మరిచిపోయి నోట్లో బ్రష్షుతో అలాగే చూస్తూ ఉండిపోతాడు. ఆ ఇల్లంటే ఆయనకి అంత పిచ్చి.

ఆ పిచ్చితోనే పన్నెండేళ్ళ కిందట ఒక ఘనకార్యం చేశాడు. నీళ్ళ వైపు గోడకి పాత సున్నపు పూత పెచ్చులూడుతోందని, ఇంటి యజమానురాలిని బతిమాలి మరీ సిమెంటు పూత వేశాడు. గోడ అద్దంలా నునుపు తేలింది. మేస్త్రి భార్య ఇంటికెవరొచ్చినా మంచినీళ్ళకన్నా ముందు ఆ గోడ చూపించేది. "మా ఆయన చెయ్యి పడితే అంతే మరి" అని మురిసిపోయేది.

నాలుగేళ్ళ నుంచి ఆ గోడకి చెమ్మ పట్టింది. మొదట అరచేయంత మచ్చ, తర్వాత చాపంత. చివరికి పురాతన భవనాల ఆఫీసు నుంచి నోటీసు రానే వచ్చింది. ఇంజనీరు వచ్చి చూస్తారు, గోడ బలం పోయిందని తేలితే కింది వాటా ఖాళీ చేయాలి.

పై వాటాలో ఉండే ఆ ఇంటావిడ కాగితం పట్టుకుని కిందికి దిగి, గుమ్మంలోనే చతికిలబడింది. "నేనేం చెయ్యను మేస్త్రీ? మిమ్మల్ని పొమ్మనడానికి నాకు నోరు రావడం లేదు. కానీ వాళ్ళు రాసిస్తే కాదనలేను."

ఆ పూట మేస్త్రికి ముద్ద దిగలేదు. ఇల్లు పోతుందన్న దిగులు ఒకెత్తు, గోడకొచ్చిన జబ్బేమిటో తనకి తెలిసి ఉండటం ఇంకో ఎత్తు. కిందటేడు అదే వీధిలో మరో పాత ఇంట్లో పని చేస్తూ కళ్ళారా చూశాడు. రాతిగోడ నీళ్ళ చెమ్మని పీల్చుకుని సున్నపు పూతలోంచి బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే ముక్కూ నోరూ మూసినట్టే, చెమ్మ లోపలే ఉండిపోతుంది. ఈ సంగతి ఏడాదిగా కడుపులో దాచుకుని తిరుగుతున్నాడు. వీధి వీధంతటికీ గోడల గురించి సలహాలిచ్చే మనిషి, సొంత గోడని తనే పాడు చేశానని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

మర్నాడు పదింటికి ఇంజనీరు వచ్చింది. చిన్న వయసు, పెద్ద సంచి. గోడకి ఏదో మిషను ఆనించి చూసి మొహం చిట్లించింది. వేలి కణుపుతో కొట్టింది. గోడ డొల్లగా పలికింది.

"బాగా దెబ్బతింది అమ్మగారూ. ఇక్కడ మనుషులుండటం మంచిది కాదు" అని ఇంటావిడతో చెప్పి, పెన్ను తీసింది.

మేస్త్రి లోపలికి వెళ్ళి సుత్తీ ఉలీ పట్టుకుని వచ్చాడు.

"ఒక్క నిమిషం, అప్పుడే రాయకండి మేడమ్. దెబ్బతిన్నది గోడ కాదు, దాని మీద పూత."

"మీకెలా తెలుసు?"

"వేసింది నేనే కనక. సిమెంటు వెయ్యకూడని చోట వేశాను."

"ఎందుకండీ ఇప్పుడవన్నీ?" అంది భార్య, ఆయన మోచెయ్యి పట్టుకుని.

"ఊరుకోవే. తప్పు నాదైతే నింద గోడ మీద వేస్తానా?"

మొదటి దెబ్బకి పళ్ళెమంత పెచ్చు ఊడిపడింది. తర్వాత ఆయన ఆగలేదు. పన్నెండేళ్ళు జనం మెచ్చుకున్న నునుపంతా పెళ్ళలు పెళ్ళలుగా నేల మీదికి దిగింది. లోపల రాయి చెమ్మకి నల్లబడి ఉంది. దాని మీద సుత్తితో కొడితే మాత్రం ఖంగుమంది.

ఇంజనీరు రాళ్ళ మధ్య సందుల్లో మేకు గుచ్చి చూసింది. నాలుగు చోట్ల ప్రయత్నించినా దిగలేదు. "గట్టిగానే ఉంది" అంది ఆశ్చర్యంగా. "పూత మొత్తం తీసేసి, గోడని నెలల తరబడి ఆరనివ్వాలి. తర్వాత మళ్ళీ సున్నమే పుయ్యాలి. ఖాళీ చెయ్యక్కర్లేదు గానీ, పని పూర్తయ్యేదాకా దీనికి బాధ్యత ఎవరిదో రాసి సంతకం పెట్టాలి."

కాగితం ఇంటావిడ ముందుకి జరిపింది. ఆవిడ దాన్ని చూసి, మేస్త్రి వైపు తోసింది.

"నేను అద్దె తీసుకునే మనిషిని. దాని మంచీ చెడూ తెలిసినవాడివి నువ్వు. నువ్వే పెట్టు."

మేస్త్రి చేతుల దుమ్ము చొక్కాకి తుడుచుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఎన్ని గోడలు నిలబెట్టినా కలగని గర్వంతో ఛాతీ విరుచుకుని పెన్ను అందుకున్నాడు. భార్య కొంగుతో కళ్ళొత్తుకుని, "సరిగ్గా పెట్టండి" అని గదమాయించింది. ఆయన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాశాడు. గడిలో పట్టక అది పక్క గడిలోకి వెళ్ళింది.