మొండి బటను

నేను ఒక చవకబారు గేమ్ పెట్టెను. చవకబారు అన్న మాట నాది కాదు, లోకనాథానిది. అతను గాజువాకలో మేడమీద గదిలో కూర్చుని, నాలాంటి వాటికి మార్కులు వేసి వీడియోలు పెడతాడు.

నన్ను చేసిన ఫ్యాక్టరీలో నాతో ఆడినవాళ్లు ఎవరూ లేరు. నాలోని ఆటలూ నావి కావు. ఎప్పుడో మూలపడ్డ యంత్రాల ఆటలన్నీ నాలో కుక్కారు. నేను వాటిని అనుకరిస్తాను, అంతే.

లోకనాథం ఏ ఆటలోనూ బొమ్మను మొదటి గొయ్యి దాటించలేదు. రంగులు చూశాడు, పెదవి విరిచాడు. పాట ఆలస్యంగా వస్తోందన్నాడు. "ఈ బటను నొక్కితే బొటనవేలు ఇరిగిపోద్ది. ఎవరూ కొనకండి" అని లోకానికి చెప్పి, నన్ను మేనత్త సన్యాసమ్మ చేతిలో పడేశాడు. పనికిరానిదాన్ని ఇచ్చి దానం చేసిన ముఖం పెట్టాడు.

సన్యాసమ్మ భర్త గవర్రాజు ఓడరేవులో క్రేన్ నడిపిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి నన్ను నొక్కి చూసి, "గట్టిగా ఉంది, ఇదే కావాలి. రోజూ నొక్కండి బాబాయ్" అంది. నన్ను మెచ్చుకున్నది ఆమె ఒక్కతే.

తెరమీద ఒక చిన్న మనిషి గొయ్యి ముందు నిలబడతాడు. బటను నొక్కితే దూకుతాడు. గవర్రాజు కుడి బొటనవేలితో రోజూ నొక్కేవాడు. ఆ చిన్న మనిషి దూకేవాడు కాదు.

"ఇంకా అక్కడే ఉన్నాడేటి ఆ గుంటడు?" అనేది సన్యాసమ్మ.

"ఉండనీ. దూకుతాడు" అనేవాడు ఆయన.

ఆ వేలు రోజురోజుకీ మరికాస్త లోతుకు దిగుతోందని ఆయనకు తెలుసు, నాకు తెలుసు. చూసేవాళ్లకు మాత్రం బొమ్మ కదల్లేదు, అంతే.

లోకనాథం ఒకసారి వచ్చి ఆ అవస్థ చూశాడు. ఇలాంటివాళ్లకు ఒక జబ్బుంది, దేన్నీ ఉన్నట్టు ఉండనివ్వరు. మామ స్నానానికి వెళ్లగానే నన్ను విప్పి, బటను కిందున్న మొండి రబ్బరు పీకి నేలమీద పడేసి, మెత్తనిది పెట్టాడు. ఎవరితోనూ చెప్పలేదు.

ఆయన తిరిగొచ్చి వేలు ఆనించాడు. బొమ్మ ఎగిరి గొయ్యి దాటింది. సన్యాసమ్మ ఏడ్చింది. లోకనాథం చప్పట్లు కొట్టాడు. "అదీ మావా! సూసేవా!"

గవర్రాజు మళ్లీ వేలు పెట్టాడు. ఈసారి నొక్కలేదు, ఊరికే ఆనించాడు. బొమ్మ దూకింది.

"ఇప్పేసినావేట్రా దీన్ని?"

"నీకోసవే కద మావా..."

ఆయన ఎడమచేత్తో నన్ను మంచం అంచుకు తోసేశాడు. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి చెయ్యి ఇమ్మంటే, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాతా ఇవ్వలేదు.

లోకనాథం నన్ను తీసుకుపోయి ఇంకో వీడియో పెట్టాడు. బటను మారిస్తే బంగారమన్నాడు, మార్కులు పెంచాడు. ఇప్పుడు పాడైన రిమోట్ల మధ్య సొరుగులో ఉన్నాను. ఆ మార్కులు నాకొద్దు. నాలో నాదంటూ ఉన్నది ఆ మొండి రబ్బరు ఒక్కటే. గవర్రాజుకు కావలసిందీ అదే. దాన్ని సన్యాసమ్మ ఊడ్చి పారేసింది.